తెర మీద పాతకాలం... పెట్టెలో అసలందం

పాతొక రోత, కొత్తొక వింత... అనేది ఒకప్పటి సామెత. ఇప్పుడు పాతే వింత! బుల్లితెర మీద నలభైల నాటి కథ వచ్చినా, డెబ్బైల నాటి కథ వచ్చినా ఇంట్లో ఆడపిల్లల కళ్లు కథానాయిక జాకెట్టు చేతుల మీదే. ఆ బుట్ట చేతులు, ఆ సన్నంచు చీర, ఆ జూకాలు మనకూ ఉంటే ఎంత బావుంటుందో అనే ముచ్చట. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల వాళ్లకు ఆ ముచ్చట తీర్చే సరుకు ముంబయిలోనో, లండన్‌లోనో లేదు. శ్రీకాళహస్తిలో ఉంది. వెంకటగిరిలో ఉంది. అన్నిటికంటే ముందు అవ్వ ట్రంకు పెట్టెలో ఉంది. కాకపోతే దాన్ని ఎలా చూడాలో, ఎలా కట్టాలో, ఎలా కాపాడాలో తెలియాలి.

తెర మీద నుంచి ఒంటి మీదికి

సీరియల్ చూసి చీర కొనడం మనకు కొత్త కాదు. ఫలానా సీరియల్‌లో కోడలు కట్టిన చీర కావాలని దుకాణంలో అడిగితే, సేల్స్‌మన్ రెండో మాట లేకుండా తీసి చూపించే రోజులు ఎప్పుడో వచ్చాయి. పాతకాలం కథల విషయంలో మాత్రం ఈ పిచ్చి ప్రపంచమంతా ఒక్కటే. అమెరికాలో 2007 నుంచి 2015 వరకు ‘మ్యాడ్ మెన్’ అనే ధారావాహిక వచ్చింది. అరవైల నాటి న్యూయార్క్ ప్రకటనల కంపెనీ కథ. కథ ఎంత నచ్చిందో, అందులోని సూట్లు, నడుం దగ్గర బిగుతుగా ఉండే గౌన్లు అంతకంటే ఎక్కువ నచ్చాయి. చివరికి బనానా రిపబ్లిక్ అనే దుస్తుల కంపెనీ 2011లో ఆ సీరియల్ పేరుతోనే దుస్తులు అమ్మింది. వాటి రూపకల్పనలో ఆ సీరియల్ డిజైనర్ జేనీ బ్రయంట్‌దే ముఖ్యపాత్ర.

బ్రిటన్ వాళ్ల ‘డౌన్‌టన్ ఆబీ’ 2010లో మొదలై వందేళ్ల కిందటి జమీందారీ ఇంటి లేసులూ ముత్యాలూ చూపించింది. 2020 చివర్లో వచ్చిన ‘బ్రిడ్జర్టన్’ రెండు వందల ఏళ్లు వెనక్కి తీసుకెళ్లింది. మన దగ్గర 2023లో ‘జూబిలీ’ నలభై, యాభైల నాటి బొంబాయి సినిమా ప్రపంచాన్ని, 2024లో ‘హీరామండీ’ స్వాతంత్ర్యానికి ముందటి లాహోర్‌ను తెర మీదికి తెచ్చాయి. ఆ వెంటనే బరువైన షరారాలు, పెద్ద జూకాలు పెళ్లిళ్లలో కనిపించాయి.

తెలుగులోనూ లోటేం లేదు. 2024 జనవరిలో వచ్చిన ‘నైంటీస్ - ఎ మిడిల్ క్లాస్ బయోపిక్’లో లెక్కల మాస్టారి కుటుంబాన్ని చూసి ‘అచ్చం మన ఇల్లే’ అనుకోనివాళ్లు తక్కువ. 2025 ఆగస్టులో వచ్చిన ‘మయసభ’ డెబ్బైల నుంచి నడిచే రాజకీయ కథ. అందులోని చొక్కా కాలర్లు చూస్తే ఆ రోజుల్లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో చదివిన తాతలకు తమ గ్రూపు ఫొటో గుర్తుకు రావడం ఖాయం. ఇక టీవీలో ఎన్నిసార్లు వేసినా చూడబుద్ధేసే ‘మహానటి’ సంగతి చెప్పేదేముంది? 2018లో వచ్చిన ఆ సినిమాకు ఉత్తమ దుస్తుల రూపకల్పన విభాగంలో జాతీయ అవార్డు దక్కింది. ఇంద్రాక్షి పట్నాయక్, గౌరంగ్ షా, అర్చనారావు దాన్ని పంచుకున్నారు. సావిత్రి పాత్ర కోసం వాళ్లు చేసిన పనితో యాభైల నాటి చేనేత చీర మళ్లీ మాటల్లోకొచ్చింది.

భారతం ఆడిన ఊళ్లకు కొత్తా?

నిజానికి చిత్తూరు జిల్లా పల్లెలకు పాతకాలం వేషాలు టీవీ నేర్పిన విద్య కాదు. ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర జరిగే ‘భారతం’ చూసి పెరిగిన వాళ్లకు ఆ సంగతి తెలుసు. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధి నాటకం. భుజకీర్తులు, కిరీటాలు, అద్దాలు పొదిగిన ఛాతీ పట్టీలు, మోకాళ్ల దాకా కుచ్చుల పావడాలు. అర్జునుడు తపస్సు మాను ఎక్కితే కింద జనం చేతులెత్తి మొక్కుతారు. ఆఖరి రోజు మట్టితో చేసిన దుర్యోధనుడి బొమ్మ దగ్గర వధ. కాలం మారినా ఆ వేషాల కట్టు పెద్దగా మారలేదు.

తిరుపతి గంగజాతర అయితే ఊరు ఊరంతా వేషాలే. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం... రోజుకో ముచ్చట. మగవాళ్లు చీర కట్టి, సవరం పెట్టి, గాజులు వేసుకుని అమ్మవారికి మొక్కు చెల్లిస్తారు. 2024 డిసెంబరులో వచ్చిన ‘పుష్ప 2’లో అల్లు అర్జున్ చీర కట్టి జాతర ఆడినప్పుడు దేశమంతా వింతగా చూసింది. తిరుపతి వాళ్లు మాత్రం ‘ఇది మన వేషమే కదా’ అనుకున్నారు.

ఆ తర్వాత దూరదర్శన్ వచ్చింది. 1987 జనవరిలో రామానంద్ సాగర్ ‘రామాయణ్’, 1988 అక్టోబరులో బి.ఆర్.చోప్రా ‘మహాభారత్’ మొదలయ్యాయి. ఆదివారం పొద్దున వీధులు ఖాళీ. టీవీకి పూలదండ, కర్పూర హారతి. ఊళ్లో టీవీ ఉన్న ఒక్క ఇంట్లో చాపల మీద అందరూ. భారతం ఆటలో చూసిన కిరీటమే తెర మీద మెరిసేసరికి పల్లె జనం దాన్ని సొంతం చేసుకున్నారు. చారిత్రక కథల వేషాలంటే మనకు ఇంత ఇష్టం ఎందుకో వేరే చెప్పాలా!

గౌను గుడ్డ మన తీరానిదే

పరాయి సీరియల్ చూసి ‘అబ్బ, ఎంత అందమైన గుడ్డ!’ అనుకునే ముందు ఒక్క మాట. రెండు మూడు వందల ఏళ్ల కిందట ఐరోపా దొరసానులు ఎగబడి కొన్న పూల గుడ్డల్లో పెద్ద వాటా మన కోరమండల్ తీరానిది. వాళ్లు దాన్ని ‘చింట్జ్’ అన్నారు. మనం అద్దకం, కలంకారీ అంటాం. ఉతికినా రంగు పోని నూలుగుడ్డ అప్పటికి వాళ్లకు తెలియదు. దాంతో అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ల బతుకు తలకిందులైంది. వాళ్లు గొడవ చేశారు. ఫ్రాన్స్ 1686లోనే ఈ గుడ్డల్ని నిషేధించింది. ఇంగ్లండు 1721లో చట్టం తెచ్చి, 1774 దాకా సడలించలేదు. అంటే మన రంగు గుడ్డ కట్టుకోవడం ఆ దేశాల్లో కొన్నాళ్లు నేరం!

1639లో ఇంగ్లిషు కంపెనీ మద్రాసు తీరంలో చోటు సంపాదించింది కూడా ఈ గుడ్డల వ్యాపారం కోసమే. అప్పుడు ఆ నేల చంద్రగిరి రాయల ఏలుబడిలో ఉంది. తిరుపతికి పక్కనే ఉన్న చంద్రగిరి కోటకు పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు రాజమహల్ ముందు ఫొటో దిగి వచ్చేస్తుంటాం. ఈసారి ఈ కథ కూడా చెప్పండి. పాతకాలపు ఐరోపా సీరియళ్లలో పూల గౌను కనిపిస్తే, దాని మూలం వెతుక్కుంటూ వెళ్లినవాడు చివరికి మన సముద్రం ఒడ్డుకే చేరతాడు.

కాళహస్తి కలం... అసలేది, నకలేది?

‘పాతకాలం లుక్’ అనగానే ఎక్కువమంది అడిగేది కలంకారీ. తెలుగునాట కలంకారీ రెండు రకాలు. మచిలీపట్నానిది చెక్క అచ్చులతో అద్దేది. శ్రీకాళహస్తిది చేత్తో గీసేది. స్థానికులు దీన్ని వ్రాతపని అనేవారు. గుళ్లలో వేలాడదీసే తెరల మీద రామాయణం, భారతం, స్థల పురాణాలు గీయడం దీని అసలు పని. గుడి తెరగా పుట్టిన ఈ పని చీరల మీదికి, దుపట్టాల మీదికి పాకింది ఆధునిక కాలంలోనే. అందుకే నలభైల నాటి కథలో కథానాయిక కాళహస్తి కలంకారీ చీర కట్టి వీధిలో నడుస్తుంటే... చూడ్డానికి బావుండొచ్చు కానీ, ఆ కాలానికి అది అతకదు.

ఇక పని సంగతి. గంజి లేని నూలుగుడ్డను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు అటూ ఇటూ పాకదు. వెదురు పుల్లకు గుడ్డా ఉన్నీ చుట్టి, దారంతో బిగిస్తే అదే కలం. నల్లరంగు కోసం తుప్పు పట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి ఊరబెడతారు. ఆ ‘కసిమి’ కరక్కాయ పట్టిన గుడ్డ మీద పడగానే నల్లగా తిరుగుతుంది. ఎరుపు రావాల్సిన చోట ముందు పటిక పూసి, తర్వాత వేర్లు, చెక్కలతో ఉడికిస్తారు. పసుపు కోసం కరక్కాయ పువ్వు, నీలానికి నీలిమందు. ఒక్కో రంగుకూ ఉతుకు, ఎండ, మళ్లీ ఉతుకు. పారే నీళ్లు కావాలి. అందుకే ఈ కళ స్వర్ణముఖి ఒడ్డున నిలిచింది. చీర నిండా బొమ్మలుంటే వారాలు పడుతుంది.

ఒక దశలో ఈ కళ దాదాపు అడుగంటింది. కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో 1950ల చివర్లో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం వచ్చాక మళ్లీ చిగురించింది. ఈ ఊరి కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. కాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపూ ఉంది. అయినా బజారుకెళ్తే ‘కలంకారీ’ పేరుతో కుప్పలుగా కనిపించేది మిల్లులో అచ్చు వేసిన గుడ్డ. అదే నెమలి, అదే బుద్ధుడి ముఖం, అదే గోధుమరంగు. ధర వందల్లోనే. సీరియల్ చూసి ముచ్చటపడిన అమ్మాయి అది కొనుక్కుంటే తప్పేం లేదు. కానీ కలంకారీ కొన్నాననుకుంటే మాత్రం మోసపోయినట్టే. ఇంకో నష్టమూ ఉంది. అచ్చు గుడ్డ ధరకు కళ్లు అలవాటుపడితే, చేత్తో గీసిన చీర ధర చెప్పగానే ‘ఇంతా!’ అని వెనక్కి వచ్చేస్తాం. పాతకాలాన్ని ప్రేమిస్తున్నామంటూనే ఆ పాతకాలపు పని చేసే చేతుల్ని ఖాళీగా కూర్చోబెట్టినట్టవుతుంది.

గుర్తుపట్టడం కష్టమేం కాదు. చేత్తో గీసిన గీత ఒకచోట సన్నగా, ఒకచోట లావుగా ఉంటుంది. రెండు పూలు పక్కపక్కన పెట్టి చూస్తే కవలల్లా ఉండవు, అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. కొత్త గుడ్డకు కరక్కాయ, పాల వాసన ఓ మోస్తరుగా తెలుస్తుంది. రంగులు కొట్టొచ్చినట్టు మెరవవు. బొమ్మ మూర గుడ్డకోసారి తు.చ. తప్పకుండా తిరిగి వస్తుంటే అది యంత్రం పనే.

వెంకటగిరి... గాలి లాంటి చీర

‘మహానటి’ చూశాక తేలికైన నూలుచీర కావాలని వెతికేవాళ్లకు వెంకటగిరికి మించింది లేదు. నెల్లూరు జిల్లాలో ఉన్న ఈ ఊరు 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజనతో తిరుపతి జిల్లాలోకొచ్చింది. వెలుగోటి వారి సంస్థానం ఆదరణలో పెరిగిన నేత ఇది. సన్నటి నూలు, మెత్తటి ఒరవడి, చిన్న జరీ అంచు, కొంగులో జామ్‌దానీ పువ్వో, చిలకో, మామిడి పిందో. జామ్‌దానీ అంటే పువ్వును మగ్గం మీదే, విడి దారంతో, చేత్తో కూర్చడం. అందుకే తిరగేసి చూసినా వేలాడే దారాలు కనిపించవు. రెండు వైపులా పువ్వు దాదాపు ఒకేలా ఉంటుంది. యంత్రం మీద నేసినదాన్ని తిప్పితే వెనక దారాలు కత్తిరించిన ముళ్లు చేతికి తగులుతాయి.

మన ఎండలకు ఈ చీరను మించింది లేదు. ఎంత ఉతికితే అంత మెత్తన. ఉగాదికి, పిల్లల బడి వార్షికోత్సవానికి, ఆఫీసుకు... ఎక్కడికైనా సరే. యాభైల నాటి తరహా కావాలంటే దీనికి తోడు మోచేతి వరకు చేతులున్న జాకెట్టు, నడినెత్తిన పాపిడి, వదులు జడ, మూర కనకాంబరాలు. అంతే! మరో నగ అక్కర్లేదు.

రాయలవారి టోపీ చూశారా?

విజయనగర కాలం కథలంటే తెలుగువాళ్లకు ప్రాణం. హిందీలో 1990లో దూరదర్శన్‌లో, ఆ తర్వాత 2017లో వేరే ఛానల్‌లో తెనాలి రాముడి కథ సీరియల్‌గా వచ్చింది. తెర మీది కృష్ణదేవరాయలు పెద్ద కిరీటంతో, మెరిసే పట్టు అంగీతో ఉంటాడు. అసలు రాయలవారు ఎలా ఉండేవారో చూడాలంటే ఏ సెట్టింగూ అక్కర్లేదు. తిరుమల గుడి లోపలికి అడుగుపెట్టగానే కుడివైపు చూస్తే చాలు. తిరుమలదేవి, చిన్నాదేవిలతో చేతులు జోడించి నిలబడిన రాయల లోహ విగ్రహం ఉంటుంది. తల మీద ఉన్నది కిరీటం కాదు... పొడవాటి కుళ్లాయి. శ్రీనాథుడి చాటువుతో మనకు తెలిసిన ఆ కుళ్లాయే! దర్శనం తొందరలో చాలామంది దాన్ని చూడకుండానే ముందుకెళ్లిపోతారు.

లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు చూస్తే కళ్లు తిరుగుతాయి. పదహారో శతాబ్దపు చిత్రాలు. మగవాళ్లకు కుళ్లాయిలు, పొడవాటి అంగీలు. ఆడవాళ్ల చీరల మీద చారలు, గళ్లు, పూలు, హంసలు... ఒకదానిలా ఒకటి ఉండదు. ఇవాళ్టికీ నేతగాళ్లు, డిజైనర్లు ఆ పైకప్పు చూసి అంచులు గీసుకుంటున్నారు. తెర మీది వేషం ఒక డిజైనర్ ఊహ. గోడ మీది బొమ్మ, గుడిలోని విగ్రహం ఆ కాలం మనిషి కళ్లారా చూసి చేసింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడటం పిల్లలకు మంచి ఆట, మంచి చరిత్ర పాఠం.

తెర చూపించనిది

పాతకాలం కథల్లో ఒక చిక్కుంది. తెర మీద పనిమనిషి చీర కూడా ఇస్త్రీ నలగదు. నలభైల నాటి కథ అనగానే పట్టుచీరలు, వెండి పళ్లేలు, పియానో. మరి ఆ నలభైల్లో చిత్తూరు జిల్లా పల్లెలో ఒక రైతు ఇంట్లో ఏముంది?

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో గుడ్డ దొరకడమే గగనమైంది. ప్రభుత్వం 1943లో నూలు, గుడ్డల మీద కంట్రోలు పెట్టింది. పెళ్లికి చీర కావాలన్నా తిప్పలు పడాల్సిన రోజులు. ఆ తర్వాత 1950ల మొదట్లో రాయలసీమను కరవు పీడించింది. 1952లో గంజి కేంద్రాల ముందు జనం బారులు తీరారు. ఆ తరం ఆడవాళ్లలో చాలామందికి ఉన్నవి రెండు చీరలు. ఒకటి ఒంటి మీద, ఒకటి దండెం మీద. రవిక తొడుక్కోవడం అలవాటు లేని అవ్వలు మన పల్లెల్లో ఎందరో. అంచు చిరిగితే చీర పావడా అయ్యేది. పావడా చిరిగితే పసిపిల్లల పక్కగుడ్డ. అది కూడా చిరిగితే దీపం ఒత్తి.

అందుకే కొన్ని ఇళ్లలో అవ్వ పెట్టె తెరిస్తే పట్టుచీర ఉండదు. ఒక ముతక నూలుచీర ఉంటుంది, అంచు దగ్గర దారంతో కుట్టి కుట్టి. ‘ఏందమ్మే, దీన్నెందుకు తీస్తా ఉండావు? అది కట్టుకుంటే నవ్వుతారే!’ అంటుంది అవ్వ. నవ్వరు. ఆ కుట్టులో ఏ సీరియల్‌లోనూ లేని కథ ఉంది. ఎన్ని పండగలకు ఆ ఒక్క చీర ఉతికి ఆరేసుకుందో అడిగితే చెబుతుంది. పాతకాలం అందాన్ని మాత్రమే తీసుకుని, పాతకాలం కష్టాన్ని అక్కడే వదిలేస్తే ముచ్చట సగమే తీరినట్టు.

దశాబ్దానికో తీరు

టైలరు దగ్గరకెళ్లి ‘పాతకాలం జాకెట్టు కుట్టండి’ అంటే ఆయనకేం అర్థమవుతుంది? ఏ పాతకాలం? ముందు దశాబ్దం తేల్చుకోండి.

యాభైలు: మెడ పైకి ఉంటుంది. చేతులు బుట్టవైనా, మోచేతి వరకు వచ్చేవైనా సరే. చీర నూలుది, అంచు సన్నది. జూకాలు, ఒంటిపేట గొలుసు. బుట్ట చేతులకు కుచ్చు మరీ ఎక్కువ పెడితే నాటకం వేషంలా ఉంటుంది. కొంచెం తగ్గించమనండి.

అరవైలు, డెబ్బైలు: జాకెట్టు పొట్టి, చేతులు చిన్నవి లేదా అసలు లేనివి. నైలాన్, నైలెక్స్ చీరలు రాజ్యమేలిన రోజులు. తల వెనక ఎత్తయిన ముడి, కంటికి పొడవాటి కాటుక గీత. అబ్బాయిలకు బెల్‌బాటం ప్యాంటు, చెవుల దాకా జుట్టు, వెడల్పాటి కాలరు. కాలేజీ వార్షికోత్సవానికి ఈ వేషమైతే చప్పట్లే చప్పట్లు. అయితే ఆ నైలాన్ మన ఎండలకు పనికిరాదు. అదే రంగులు, అదే పెద్ద పూలు పలచటి నూలులో వెతుక్కుంటే హాయి.

తొంభైలు: లంగా వోణీ, వదులు చుడీదార్, రెండు జడలకు రిబ్బన్లు, స్టిక్కరు బొట్టు. ఇది అమ్మల బీరువాలోనే దొరుకుతుంది. కొనక్కర్లేదు.

మగపిల్లలకూ దారుంది. పంచె, జుబ్బా, భుజాన కండువా. తాత పెళ్లి ఫొటోలో ఎలా కట్టారో చూసి అలాగే కట్టమనండి. ఫొటో పక్కన నిలబెట్టి మరో ఫొటో తీస్తే ఇంటికి పండగే.

అసలు మంచి నమూనా పుస్తకం మీ ఇంటి ఆల్బమ్. సీరియల్‌లో కనిపించేది అందరికీ ఒక్కటే. అమ్మమ్మ పెళ్లి ఫొటోలోని వంకీ, నాగరం, జడగంటలు, పైట వేసుకున్న తీరు మీ ఇంటికే సొంతం. టైలరుకు ఆ ఫొటో చూపించండి. పని సగం అయిపోయినట్టే.

పెట్టె తీసే ముందు...

ముచ్చట కొద్దీ పాత పట్టుచీర తీసి, టకటకా కట్టేసుకుని, మడత దగ్గర చిట్లిపోయాక బాధపడేవాళ్లు ఎందరో. అందుకే ఈ జాగ్రత్తలు.

* చీరను బయటకు తీయగానే విదిలించొద్దు. మంచం మీద పరిచి, మడతల దగ్గర వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. దారాలు విడిపోతున్నట్టు కనిపిస్తే అది కట్టుకునే చీర కాదు, దాచుకునే చీర.

* మూడు నాలుగు నెలలకోసారి మడత మార్చండి. ఒకే మడతలో ఏళ్ల తరబడి ఉంటే పట్టు అక్కడే చిట్లుతుంది.

* నీడలో గాలి తగలనివ్వండి. ఎండలో వద్దు.

* కలరా ఉండలు జరీకి తగలకూడదు. నల్లబడుతుంది. ఉతికిన పాత తెల్ల పంచెలో చుట్టి పెడితే చాలు. ప్లాస్టిక్ కవరులో మాత్రం పెట్టొద్దు.

* గంజి పెట్టి దాచొద్దు. పురుగుకు విందు చేసినట్టే.

* బలహీనంగా ఉన్న చీరను రోలింగుకు ఇచ్చే ముందు రెండుసార్లు ఆలోచించండి. ఆ లాగుడుకు తట్టుకోలేదు.

* కట్టుకోదగ్గ చీరను కత్తిరించొద్దు. లెహంగా, కుర్తా కుట్టించాలనిపిస్తే ముందు ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. మీకు అది ఆరు గజాల గుడ్డ. ఆమెకు అది పెళ్లి రోజు.

* బాగా చిరిగిపోయినదైతే అంచు, కొంగు జాగ్రత్తగా వేరు చేసి కొత్త నూలుచీరకు వేయించుకోవచ్చు. మిగిలిన ముక్కతో పూజ సంచో, ఫొటో చట్రంలో అమరికో.

కొత్తగా కొనేటప్పుడు చేనేత గుర్తు చూడండి. వీలైతే కాళహస్తికో, వెంకటగిరికో వెళ్లి నేసేవాళ్ల దగ్గర, గీసేవాళ్ల దగ్గర కొనండి. తిరుమల దర్శనం తర్వాత కాళహస్తి వెళ్లి రావడం ఎలాగూ అలవాటే. గుడి నుంచి బయటికి వచ్చాక ఓ గంట కలంకారీ గీసే ఇంట్లో కూర్చుంటే పిల్లలు జీవితాంతం గుర్తుపెట్టుకుంటారు. పది అచ్చు గుడ్డల డబ్బు దాచి ఒక్క చేతిపని చీర కొంటే, అది మీ మనవరాలి దాకా వస్తుంది.

ఇప్పుడు తెర మీద చూస్తున్న పాతకాలం ఒకప్పుడు మామూలు రోజే. ఎవరో పొద్దున లేచి, ఆ చీర కట్టుకుని, పనిలోకి వెళ్లారు. మరో నలభై ఏళ్లకు మీరు ఇవాళ కట్టుకున్నదే పాతకాలమవుతుంది. అప్పుడు మీ పెట్టె తెరిచే పిల్లకు అందులో ఏం దొరకాలి? ఒక్క ఉతుక్కే వెలిసిపోయే అచ్చు గుడ్డా... ఒక మనిషి చెయ్యి కదిలిన గీతా? ఈసారి బట్టలు కొనడానికి వెళ్లినప్పుడు ఆ పిల్లను కూడా ఒక్కసారి తలచుకోండి!